అల్హంబ్రా వాకిట టిక్కెట్టు లేనివారు

స్పెయిను దేశపు దక్షిణభాగమున, మంచు కప్పిన సియెర్రా నెవాదా పర్వతశ్రేణికి చేరువగా, దారో యను చిన్న యేటిగట్టున లేచిన సబీకా గుట్టమీద ఎఱ్ఱమట్టి రంగు ప్రాకారములతో నిలిచియున్న అల్హంబ్రాను చూడవలెనని ప్రతిదినమును గ్రనాడా నగరమునకు వచ్చు వేలకొలది జనులలో కొందఱు, ప్రొద్దుననే టిక్కెట్ల కిటికీ నొద్దకు నడచిపోయి, నేటికి లేవు, రేపటికిని లేవు, ఈ వారమంతయు లేవు అను సమాధానమును విని, ఏమి చేయుటకును పాలుపోక అక్కడి చెట్లనీడలో నిలిచిపోవుదురు. ముందుగా కొనుక్కొని రావలసినది గదా యని లోకము వారితో అనును. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని అది నిండు న్యాయము గాదని నా దృఢవిశ్వాసము. లోనికి పోవువారి సంఖ్యకు మితి యుండి తీరవలెను. ఆ మితమైన సంఖ్యను ఎవరెవరికి ఏ విధముగా పంచవలెనను ప్రశ్న యందు మాత్రము, దూరదేశమునుండి వచ్చి గుమ్మమున నిలిచిన మనుష్యుడు లెక్కకు రాకుండ పోవుచున్నాడు.

మితి యేల యుండవలెనో ముందుగా విన్నవించెదను, ఏలయన ఆ సంగతి తెలియనిచో నా మొఱ కేవలము నిష్ఠురముగా తోచును. 1238లో ముహమ్మద్ ఇబ్న్ అల్ అహ్మర్ గ్రనాడాలో ప్రవేశించి నస్రీద్ వంశపాలనను నెలకొల్పిన నాటినుండి, 1492 జనవరి 2వ తేదీన ఆ వంశపు చివరి సుల్తాను, స్పెయినువారు బోఆబ్దిల్ అని పిలుచు పండ్రెండవ ముహమ్మద్, ఇసబెల్లా ఫెర్డినాండు రాజదంపతులకు నగరమును అప్పగించిన దినము వఱకు, రెండున్నర శతాబ్దముల కాలము ఈ గుట్ట ఒక రాజ్యమునకు ప్రాణస్థానమై యుండెను. నేడు మనలను ముగ్ధులను చేయు కట్టడములలో అధికభాగము 14వ శతాబ్దమున మొదటి యూసుఫు, అతని కుమారుడైన ఐదవ ముహమ్మదు కట్టించినవి. కోటయనగానే మన మనస్సునకు తోచునది రాతికట్టడము. బయటి బురుజులును గోడలును ఎంత దృఢమైనవైనను, లోపలి ప్రాసాదముల శోభ రాతిలో లేదు. అది సున్నపుగచ్చులోను, జిప్సముపై చెక్కిన లతల అల్లికలోను, కొయ్యపనితనములోను, రంగుపలకల కూర్పులోను ఉన్నది. రాయబారులను దర్శించు మందిరపు కప్పు వేలకొలది కొయ్యముక్కల నతికి నక్షత్రమండలముగా కూర్చినది; అక్కచెల్లెండ్ర మందిరమను పేరుగల గది గుమ్మటము ఐదువేలకు పైబడిన చిన్న చిన్న గూళ్లను తేనెపట్టువలె వ్రేలాడదీసినది. గోడలపై ఆస్థానకవి ఇబ్న్ జమ్రక్ రచించిన పద్యములు చెక్కియున్నవి. దేవునికి దక్క వేఱొకరికి జయము లేదను వంశముద్ర వాక్యము వందలమార్లు పునరుక్తమై కంటికి తగులుచుండును.

ఆ అక్షరములు మనిషి భుజమెత్తున, చేయి చాచినచో అందునంత దగ్గఱగా ఉన్నవి. అందుచేతనే వీపుసంచిని ముందువైపునకు త్రిప్పుకొని నడువుమని కాపలావారు ప్రతివానికిని చెప్పుచుందురు: ఇఱుకైన ద్వారమున వెనుదిరిగిన యాత్రికుని సంచి ఏడువందల యేండ్ల నాటి గచ్చును ఒరసికొనిపోయిన పక్షమున, ఆ రాలిన పొడిని మరల గోడపై నిలుపగల శిల్పి నేడు లేడు. సింహముల ముంగిటిలోని పండ్రెండు పాలరాతి సింహములును నిపుణుల చేతిలో ఏండ్లతరబడి చికిత్సనొంది 2012లో తమ స్థానమునకు తిరిగివచ్చి, మరల నోటినుండి నీరు విడువసాగినవి. మనుష్యుల ఊపిరిలోని తేమ, వేళ్ల జిడ్డు, అడుగుల అదురు అన్నియు అచ్చటి సంరక్షకులకు లెక్కలోనివే. నస్రీద్ ప్రాసాదములలోనికి అరగంటకు 300 మందిని మాత్రమే విడుతుమని వారు గీచిన గీత ఈ చింతనుండి పుట్టినది. దానిని నేను శిరసావహించుచున్నాను.

ఆ గీతకు పూర్వపు కథయును విస్మరింపదగినది గాదు. 1812లో నెపోలియను సైనికులు గ్రనాడాను విడిచి పోవుచు ఈ కోట బురుజులలో కొన్నింటిని మందుగుండుతో పేల్చివేసిరి. 1829లో అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ వచ్చినప్పుడు కోట శిథిలావస్థలో నుండెను. దిక్కులేని బీదకుటుంబములు గదులలో కాపురముండెను. అతడును అందే బసచేసి, 1832లో ప్రకటించిన కథల సంపుటితో లోకపు దృష్టిని ఇటు మరల్చెను. 1870లో జాతీయస్మారకముగా ప్రకటనయు, 1923 మొదలుకొని లెయోపోల్దో తోర్రెస్ బల్బాస్ అను వాస్తుశిల్పి సాగించిన సునిశితమైన పునరుద్ధరణయు, 1984లో యునెస్కో వారసత్వపట్టికలో స్థానమును దీనికి లభించినవి. ఇంతటి శ్రమకోర్చి నిలుపుకొన్నదానిని గుంపులకు విడిచిపెట్టుమని ఎవ్వరును కోరరు.

ఇక టిక్కెట్టు సంగతి. అల్కాసాబా యను కోటభాగమును, సుల్తానుల వేసవివిడిదియైన హెనెరలీఫే తోటలను తెఱచియున్న వేళలలో ఎప్పుడైనను చూడవచ్చును. నస్రీద్ ప్రాసాదములకు మాత్రము టిక్కెట్టుపై ముద్రించిన అరగంటలోనే ప్రవేశింపవలెను. ఆ వేళ దప్పినచో ఎంత బతిమాలినను ద్వారము తెఱచుకొనదు. టిక్కెట్టుపై యాత్రికుని పేరును, పాస్‌పోర్టు సంఖ్యయును ఉండును. ద్వారముల వద్ద పాస్‌పోర్టు చూపి సరిచూపించుకొనవలెను. పసిపిల్లలకు రుసుము లేకున్నను వారికిని టిక్కెట్టు తీసికొని తీరవలెను, ఆ మూడువందలలో చంటిబిడ్డయు ఒక తలయే గనుక. ఈ నియమము తెలియక పెద్దలకు మాత్రము కొనుక్కొని వచ్చి గుమ్మమున చిక్కుపడిన కుటుంబములు కొల్లలు. టిక్కెట్ల అమ్మకము నెలల ముందే ఆన్‌లైనులో మొదలగును. వసంతమునందును శరత్తునందును, ఈస్టరు సెలవులలోను, ప్రాసాదముల టిక్కెట్లు వారములకు ముందుగనే నిండిపోవుట సర్వసాధారణము. యాత్రాసంస్థలు తమ బృందముల కొఱకు తమ భాగమును ముందే పొందుచున్నవి. ఇవన్నియు పోగా ఆ దినమున వచ్చిన మనిషికి మిగులునది, ఎవరైన మానుకొనినచో తిరిగివచ్చు నొకటి రెండు టిక్కెట్లు.

అట్లు వచ్చినవాడు ఎవడు? అజాగ్రత్తపరుడనియు, బద్ధకస్తుడనియు మనము తలంచుచున్నాము. నేను ఆ కిటికీ దగ్గఱ చూచినవారు అట్టివారు కారు. జర్మనీలో చదువుకొనుచున్న కుమారునితో కలసి వచ్చిన ఒక తెలుగుతల్లి నాకు బాగుగ జ్ఞాపకమున్నది. ఊరిబడిలో చరిత్రపాఠములు చెప్పి విశ్రాంతిపొందిన ఉపాధ్యాయిని. పిల్లవాడు ఫోనులో తేదీల పట్టికను పైకి క్రిందికి జరుపుచు, ప్రతి తేదీయును మూసియుండుట చూచి ముఖము చిన్నబుచ్చుకొనగా, ఆమె వానిని ఊరడించుచు, "పోనీలే నాయనా, నువ్వేం చేస్తావు, ఇంత దూరం తీసుకొచ్చావు, అదే చాలు" అనెను. అనుటయైతే అనెనుగాని, ఆమె చూపు మాత్రము గోడమీదనుండి మరలలేదు. ఆ పిల్లవాడు ముందుచూపు లేనివాడు కాడు. తల్లి వీసా ప్రయాణమునకు కొలదిదినముల ముందు చేతికి వచ్చినది.

ఇచ్చటనే నా వాదమునకు మూలమున్నది. ఐరోపావాసి యొకడు అల్హంబ్రాకు పోదలచినచో నాలుగు నెలల తరువాతి శుక్రవారమును నిర్ణయించుకొని, నేడే టిక్కెట్టు కొనుక్కొనగలడు. అతని ప్రయాణమును ఆపగల అధికారి లేడు. హైదరాబాదునుండియో విజయవాడనుండియో బయలుదేరు మనిషికి షెంగెన్ వీసా కావలెను. దరఖాస్తును ప్రయాణమునకు ఆఱుమాసముల ముందునుండి ఈయవచ్చునని నియమమున్నను, నిర్ణయమునకు 15 దినముల గడువును, అవసరమైన పక్షమున 45 దినముల వఱకు పొడిగింపును ఆ నియమములే అంగీకరించుచున్నవి. వేసవి సెలవులకు ముందు దరఖాస్తు ఇచ్చుటకై అపాయింట్‌మెంటు దొరకుటయే కష్టము. వీసా వచ్చునో రాదో తెలియకముందే పేరును పాస్‌పోర్టు సంఖ్యయును వ్రాసి టిక్కెట్టు కొన్నచో, వీసా తిరస్కృతమైన నాడు ఆ సొమ్ము నీళ్లపాలు. వీసా చేతికి వచ్చినపిమ్మట కొందమన్నచో పట్టిక మూసియుండును. కావున మనవారిలో అనేకులు కడపటి ఘడియలో టిక్కెట్టు వెదకుట వారి స్వభావదోషము వలన గాదు, సరిహద్దుల విధానము వలననే. దవాఖానలో పనిచేయు నర్సుకు సెలవు ఎప్పుడు మంజూరగునో ఆమె చేతిలో లేదు. ముసలితండ్రి ఆరోగ్యమునుబట్టి ప్రయాణమును ముందు వెనుకలు చేసికొను కుటుంబములు లేవా? కాలము తన చేతిలో నున్నవానికే నెలలముందు కొనుట సుకరము. అట్లు కొనినవానికే సర్వమును ఇచ్చివేయుట యనగా, తన కాలమునకు తాను యజమానియైనవానికి మాత్రమే చరిత్రను చూపుదుమనుట.

ఈ కొఱత యున్నచోట బేరము పుట్టక మానదు. అధికారిక వెబ్‌సైటులో ఏ తేదీకి టిక్కెట్లు లేవో, ఆ తేదీకే గైడుతో కూడిన యాత్ర యను పేర మధ్యవర్తుల వెబ్‌సైట్లలో పలురెట్ల ధరకు చోటు దొరకుచుండును. గ్రనాడా గైడులపై నాకు ఫిర్యాదు లేదు. వారిలో అనేకులు ఆ గోడలపై అరబ్బీ అక్షరములను వ్రేలితో చూపి చదివి చెప్పగల విద్వాంసులు, వారి శ్రమకు వేతనము న్యాయమే. కాని ఒంటరిగా, నెమ్మదిగా, తన కన్నులతో తాను చూడగోరినవానికి కూడ గైడును, మైకును, బస్సును కలిపి అంటగట్టినప్పుడే ప్రవేశము లభించుననుట ప్రజల సొత్తుపై సుంకము వసూలు చేయుటయే యగును. ఇట్టి వ్యవహారము ఎంత దూరము పోగలదో రోము నగరపు కొలోసియము వద్ద తేటతెల్లమైనది. అచ్చట 2023 అక్టోబరు మొదలుకొని టిక్కెట్లపై కొన్నవారి పేర్లు ముద్రించుట ప్రారంభమైనది. పిమ్మట 2025లో ఇటలీ దేశపు పోటీ పరిరక్షణాధికార సంస్థ, గతమున టిక్కెట్లు అమ్మిన సంస్థకును, ఆఱు యాత్రాసంస్థలకును కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా విధించెను. కంప్యూటరు ప్రోగ్రాములతో టిక్కెట్లను క్షణములలో మూకుమ్మడిగా లాగుకొనుటయు, దానిని అరికట్టవలసినవారు అరికట్టకుండుటయు, సామాన్యునికి మూలధరకు టిక్కెట్టు దొరకకుండ చేసినవని ఆ సంస్థ నిర్ణయించినది. పేరు ముద్రించినంతమాత్రమున చాలదని, పంపకమును గూర్చి కూడ ఆలోచింపవలెనని, ఈ తీర్పు నాకు బోధించుచున్నది.

మార్గములు లేకపోలేదు. పెరూ దేశమున మాచు పిచ్చూ శిఖరనగరమునకు కూడ దినసంఖ్యకు మితి కలదు. అయినను ప్రతిదినమును 1,000 టిక్కెట్లను కొండక్రింది ఆగ్వాస్ కాలియెంతెస్ ఊరిలో, పాస్‌పోర్టుతో స్వయముగ వచ్చి నిలిచినవారికే, మఱునాటి ప్రవేశము కొఱకు అమ్ముచున్నారు. ముందుగా వరుససంఖ్య గల చీటీ నిత్తురు. ఆ చీటీతో తిరిగివచ్చి టిక్కెట్టు కొనుక్కొందురు. అందును ఇబ్బందులున్నవి, కొన్ని మాసములలో వరుసలు మిక్కిలి పొడవైనవి. అయినను, దేశదేశముల దాటి వచ్చినవానికి ఒక తలుపు తెఱచియుంచవలెనను ధర్మమును అచ్చట అంగీకరించిరి.

ఈ ధర్మమును తెలుగువారికి వేఱుగా వివరింపనక్కఱలేదు. తిరుమలలో మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనపు టిక్కెట్లు నెలలముందు విడుదలయై చూచుచుండగనే అయిపోవును, ఆర్జితసేవలకు లక్కీడిప్పున్నది. ఇవన్నియు నుండగనే, ఏ టిక్కెట్టును లేక అలిపిరి మెట్లెక్కివచ్చిన కాపు, కూలి, పసిబిడ్డ తల్లి, వైకుంఠము క్యూ కాంప్లెక్సులో కూర్చుండినచో, ఎన్ని గంటలు పట్టినను సర్వదర్శనమున వారి వంతు వచ్చితీరును. నిరీక్షణ దీర్ఘమైనదని మనము కష్టపడుదుము, ఏర్పాట్లు మెఱుగుపడవలెనని కోరుదుము. కాని, నీకు టిక్కెట్టు లేదు గనుక కొండ దిగిపొమ్మని ఎవ్వరును అనరు. అల్హంబ్రా గచ్చు అంతటి జనసమ్మర్దమును భరింపలేదన్నది నిజము. భరింపగలిగిన మూడువందలలోనైనను కొంత భాగము అట్టివారికి దక్కవలెననుటయే నా మాట.

ఆ ఏర్పాటు వచ్చులోగా టిక్కెట్టు లేక గ్రనాడా చేరినవారు నిరాశతో రైలెక్కవలసిన పని లేదని కూడ చెప్పుట నా విధి. బృందములు మానుకొనినప్పుడు, కొందఱు ప్రయాణమును విరమించుకొనినప్పుడు, విడుదలయైన టిక్కెట్లు అధికారిక వెబ్‌సైటులో ఏ వేళనైనను కనిపింపవచ్చును. అర్ధరాత్రమునను తెల్లవాఱుజామునను ఓపికతో చూచినవారికి లభించిన సందర్భములు ఉన్నవి. నగరపు మ్యూజియములతో కలిపి అమ్ము గ్రనాడా కార్డులో అల్హంబ్రా ప్రవేశమును చేరియుండును గనుక, విడిటిక్కెట్లు ముగిసిన తేదీకి కూడ అది దొరకవచ్చును. రాత్రివేళ ప్రాసాదసందర్శనమునకు టిక్కెట్టు వేఱు; పగటి టిక్కెట్టు లేని తేదీన రాత్రిది దొరకుట అరుదుకాదు, దీపకాంతిలో ఆ గచ్చుపని నీడలు లోతుగా తేలి పగటికంటె వేఱొక రూపమును దాల్చును. ప్రాసాదములు లేకుండ, తోటలు, అల్కాసాబా, హెనెరలీఫే మాత్రము చూపు టిక్కెట్టు సాధారణముగ ఎక్కువకాలము మిగిలియుండును. దారో నదినుండి రాజకాలువ ద్వారా వచ్చిన నీరు హెనెరలీఫేలో సన్నని చిమ్ములుగా ఎగయు సుదీర్ఘమైన కొలను దానితోడనే చూడవచ్చును.

అసలు ఏ టిక్కెట్టును లేనివాడు సైతము 1348 నాటి న్యాయద్వారము గుండ లోనికి నడచిపోవచ్చునని చాలమందికి తెలియదు. ఆ ద్వారపు లోపలిమార్గము శత్రువు వేగమును అణచుటకై వంకరలు తిరుగుచు పోవును. అది దాటి ఎక్కినపిమ్మట 1527లో ఐదవ చార్లెసు చక్రవర్తి ప్రారంభింపజేసిన ప్రాసాదము, చతురస్రమైన కట్టడము నడుమ వృత్తాకారపు ముంగిలితో, ఖర్చు లేకయే చూడనగును. దాని క్రింది అంతస్తులోని మ్యూజియములో లేళ్ల చిత్రములు గల పెద్ద నస్రీద్ కూజా యున్నది. నీలిబంగారువన్నెల ఆ కూజా యొద్ద ఒక్క గడియ నిలిచినవానికి, పైని ప్రాసాదములను కట్టినవారి చేతిపనిని అతి సమీపమున చూచిన తృప్తి కలుగును. మసీదునకు చెందిన స్నానశాలయును, మసీదున్న స్థలమున నేడు నిలిచిన సాంత మరీయా చర్చియును ఆ దారిలోనే ఉన్నవి. నేను పైన చెప్పిన ఆ తల్లియు కొడుకును ఈ మార్గముననే పోయిరి. ఆమె కూజాముందు చాలసేపు నిలిచి, బడిలో పిల్లలకు తాను చెప్పిన 1492వ సంవత్సరపు పాఠమును కుమారునకు మరల చెప్పినది.

అయినను, బయటి భాగము చూచి సంతోషింపుమనుట లోపలి తలుపును గూర్చిన ప్రశ్నకు జవాబు కానేరదు. అందుచేత నా కోరికను స్పష్టముగ వ్రాయుచున్నాను. ప్రతి అరగంట మూడువందలలోను ముప్పది టిక్కెట్లను ఆన్‌లైను అమ్మకమునకు పెట్టక, గ్రనాడాలో స్వయముగ పాస్‌పోర్టు చూపినవారికి, మనిషికొక్కటి చొప్పున, మూలధరకే మఱునాటి ప్రవేశము కొఱకు అమ్మవలెను. వేసవికాలపు దినమున ఇవి దాదాపు ఆఱువందలగును. గచ్చుపై ఒక్క మనిషి బరువైనను పెరుగదు. యాత్రాసంస్థలు తిరిగి ఇచ్చివేసిన టిక్కెట్లన్నియు ఈ రాశిలోనే కలియవలెను. ఎవరెవరో కూలికి నిలుచుండి చోటు అమ్ముకొందురని కొందఱు ఆక్షేపింతురు. చీటీపైననే పాస్‌పోర్టు సంఖ్యను వ్రాసినచో ఆ బేరమునకు చోటుండదు. రాత్రియంతయు వరుసలో నిలువవలసివచ్చునని మఱికొందఱందురు. ముందునాటి సాయంత్రమే వరుససంఖ్య నిచ్చి, వృద్ధులకును చంటిపిల్లల తల్లులకును ముందు వంతు కేటాయించిన యెడల ఆ బాధయును తప్పును.

ఇది అల్హంబ్రా పాలకమండలికి అపరిచితమైన పద్ధతియు గాదు. గ్రనాడావాసులకు ఆదివారములందు ఉచితప్రవేశమును ఏనాడో కల్పించియున్నారు. ఆ గుట్టనీడలో పుట్టి పెరిగిన వారికి దానిపై ప్రత్యేకమైన హక్కు గలదని పాలకమండలి అంగీకరించినది, దానిని ఎవరును ఆక్షేపింపలేదు. సముద్రములు దాటి, వీసా కొఱకు నెలలు నిరీక్షించి, జీవితమున ఒక్కమాఱు మాత్రమే రాగలిగిన వానికి కూడ వేఱొక విధమైన హక్కు గలదు. అరగంటకు ముప్పదిమందితో దానిని గుర్తింపుమని నేను ఆ మండలిని కోరుచున్నాను.